గాజుల వంకతో

హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో గాజులమ్మే హనీఫా ముఖాల కంటే ముందు మణికట్లు చూసేది. గాజు ఎక్కిస్తూ వేళ్లతో తడిమితే ఏ చేతిని మెలిపెట్టారో, ఏ చేతికి వాత పెట్టారో తెలిసిపోయేది. అత్తల ఎదుట ఏమీ అడిగేది కాదు. నీ కొలతవి తేలేదు బిడ్డా, ఇంటికొస్తె తొడుగుత అనేది. గాజులకు పోతానన్న కోడలిని ఆపడం అశుభం. ఏ అత్తా అడ్డు చెప్పదు. అట్లా బయటపడ్డవాళ్లను దవాఖానకో ఠాణాకో తీసుకెళ్లేది. తిరిగి పోలేమన్నవాళ్లకు వెనక గదిలో చాప పరిచేది. భర్త పోయిన నాటి నుంచి ముసలితనం దాకా అదే పని. సంసారాలు కూలుస్తోందని మగవాళ్లు ఆమె ఇంటి మీద రాళ్లు వేశారు. ఒకసారి ఆమె భుజాన మోసే గాజుల మలారం తగలబెట్టారు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు రమ వచ్చింది. భర్త సురేశ్ పార కామతో కొట్టి ఆమె కుడి చెయ్యి విరిచాడు. హనీఫా కట్టు వేయించి ఇంట్లో పడుకోబెట్టింది. కోడలు పొద్దుగూకినా తిరిగి రాలేదని అత్త కొడుకును ఎగదోసింది. తెల్లారేసరికి సురేశ్ గొడ్డలితో వాకిట్లో ఉన్నాడు.

"నా పెండ్లాన్ని బయటికి తోలు, ముసల్దానా. లేకుంటె నీ చేతులు నరుకుత."

"గాజులు తొడుగుతున్న. జర కూసో" అంది హనీఫా లోపలి నుంచి.

గొడ్డలి తలుపు మీద పడింది. గొళ్లెం ఊడింది. తల మీదికి వచ్చిన దెబ్బకు ఆమె ఎడమ చెయ్యి అడ్డుపెట్టింది; రెండు వేళ్లు తెగి, తలుపు విరిగినప్పుడు పగిలిన గాజుల పెంకుల మధ్య పడ్డాయి. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఎవరూ గడప దిగలేదు.

రమ వెనక గదిలోంచి ఎడమ చేత్తో దుడ్డుకర్ర పట్టుకొచ్చి అతని మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఎదురింటిదాకా వినపడింది. అతను కూలగానే గొడ్డలిని కాలితో దూరంగా తన్ని, కర్రను అతని తల మీదికి ఎత్తింది. హనీఫా నెత్తురోడే చేత్తోనే ఆ కర్ర పట్టుకుంది.

"వీడు సస్తె నువ్వు జైలుకు పోతవ్ బిడ్డా. బతికినన్నాళ్లు వీని చేతుల ఉన్నట్టే."

"బతికుంటె మల్ల వస్తడు."

"వస్తడు. అయినా దించు."

సురేశ్ అప్పుడు రమను పేరు పెట్టి పిలిచాడు, బతిమాలుతున్నట్టు. రమ అతని వైపు చూడలేదు. కర్ర వెంట జారి తన మోచేతి దాకా వచ్చిన హనీఫా నెత్తురును చూసింది. అప్పుడు దించింది. కొంగును పళ్లతో చించి ఆ చేతికి కట్టింది. పోలీసులు వచ్చేదాకా కర్ర ఒడిలో పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది.