మంట తెలియని చెయ్యి

మిరపకాయల రోజుల్లో ఒక మధ్యాహ్నం కళ్లం నుంచి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఏడుస్తున్న నా కూతురి మొహం తుడిచాను. దానికప్పుడు రెండేళ్లు. తుడిచీ తుడవగానే గుక్కపట్టింది. కళ్లు రెండూ ఎర్రబడి వాచిపోయాయి. మా అత్త పరిగెత్తుకొచ్చి పిల్లని లాక్కుని, కళ్లలో చల్లనీళ్లు కొట్టి నామీద విరుచుకుపడింది.

"చేతికి కారం ఉందని తెలవదటే? పసిబిడ్డ మొహాన పెడతావేంది?"

నాకు నిజంగానే తెలియలేదు. రోజంతా ఎండుమిరపకాయల తొడిమలు తీస్తే కారం చర్మంలోకి దిగుతుంది. ఒకసారి కడిగితే పోదు. చెయ్యి మండుతుంటే కారం ఇంకా ఉందని తెలుస్తుంది. నా కుడిచెయ్యి మండడం మానేసి అప్పటికి ఏడాది దాటింది.

ఆ రోజే భయపడాల్సింది. భయపడకపోగా నాకు దానిమీద గర్వం ఉండేది. వెల్దుర్తి దగ్గర మా పల్లెలో ఆ కాలంలో ఆడవాళ్లందరికీ తొడిమల పనే ఆధారం. అందరూ చేతులకు ఆముదం పూసుకుని కూర్చునేవాళ్లు. సాయంత్రం మజ్జిగలో చేతులు ముంచుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకునేవాళ్లు. నేను మాత్రం హాయిగా అదే చేత్తో అన్నం కలుపుకుని తినేదాన్ని. "రత్నం చెయ్యి దేవుడిచ్చిన చెయ్యే" అనేది పక్కింటి కోటేశ్వరమ్మక్క. రైతులు ముందు నన్నే పనికి పిలిచేవాళ్లు. దేవుడే ఇచ్చాడని నేనూ నమ్మాను. పదో తరగతి దాకా చదివిన మనిషిని, అంత తెలివితక్కువగా ఎలా ఉన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

పిల్ల కళ్లు మండిన వారం తిరక్కుండానే మార్త మా ఊరొచ్చింది. డెన్మార్క్ దేశం నుంచి వచ్చిన మిషనరీ నర్సు. ఇరవై మూడేళ్ల పిల్ల. నరసరావుపేట అవతల ఉన్న ఒక మిషన్ ఆస్పత్రి వాళ్లు ఆమెను ఒక్క వారం కోసం మా చుట్టుపక్కల పల్లెలకు పంపారు. ఆమె మాట మాకు తెలుగులో చెప్పడానికి తోడుగా ఆ ఆస్పత్రి నర్సు సరోజినీ సిస్టర్ వచ్చింది. ఇద్దరూ మా చర్చి పక్క గదిలో దిగారు. వంట చేసిపెట్టమని పాస్టరుగారు నన్ను అడిగారు. మా ఆయన ప్రకాశం లారీ మీద వెళ్తే పదిహేను రోజులకు గానీ వచ్చేవాడు కాదు. ఇంట్లో నేనూ, అత్తా, పిల్లా. సాయంత్రాలు వచ్చి వండిపెడతానని ఒప్పుకున్నాను.

మార్త దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ఏ రోజు ఏం చెయ్యాలో గీతలు గీసి రాసుకుంది. సోమవారం పిల్లల బరువులు తూస్తానంది. వచ్చినవాళ్లు ఆమె జుట్టు చూసి పోయారు గానీ పిల్లల్ని తీసుకురాలేదు. మంగళవారం నీళ్లు కాచి తాగమని చెప్పింది. "కట్టెలు నువ్వు తెచ్చిస్తావా అమ్మా" అని ఒక ముసలమ్మ అడిగి లేచిపోయింది. బుధవారం తండాకి నడిచి వెళ్లి, ఎండ దెబ్బకు వాంతులు చేసుకుని వచ్చింది. గురువారం పొద్దున్నే మళ్లీ లేచి తల దువ్వుకుని కూర్చుంది. పట్టుదల గల పిల్ల.

"జనం నా దగ్గరికి రాకపోతే నేనే వాళ్ల దగ్గరికి పోతానంటోంది" అని సరోజినీ సిస్టర్ నవ్వుతూ చెప్పింది.

అలా ఇద్దరూ కళ్లానికి వచ్చారు. మార్త మా మధ్యన కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. గంట తిరిగేసరికి తెల్లటి వేళ్లు కందిపోయి ఉబ్బాయి. కళ్లవెంట నీళ్లు కారుతున్నా లేవలేదు.

"లెయ్యమ్మా, నీవల్ల గాదు. మాకే పాణం పోతంది" అంది కోటేశ్వరమ్మక్క. "మా రత్నాన్ని చూడు. పొద్దుగూకులూ తీసినా దానికి మండదు."

సిస్టర్ నవ్వుతూనే ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. మార్త నవ్వలేదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగించింది. పోయినేటి నుంచి అన్నాను. ఆమె లేచొచ్చి నా ముంజేయి పట్టుకుని, మోచేతి వెనక వేలితో నొక్కింది. జివ్వుమని కరెంటు పాకినట్టయింది. ఆమె ఇంగ్లీషులో ఏదో అంది. నాకు 'నెర్వ్' అన్న మాటొక్కటే అర్థమైంది. సిస్టర్ మొహంలో నవ్వు పోయింది. ఇక్కడ వద్దు అన్నట్టు మార్త భుజం పట్టి పక్కకు తీసుకెళ్లింది.

నాకు అంతా తెలిసిపోయింది. మా పల్లె చివర ఇలాగే చేతులు మొద్దుబారిన, కుష్టు సోకిన ఒక పెద్దాయన విడిగా గుడిసె వేసుకుని ఉండేవాడు. ఆయన భార్య అన్నం గిన్నె దూరంగా పెట్టి వచ్చేసేది. ఆయన పిల్లలు తండ్రి దగ్గరికి వెళ్లడం నేను ఒక్కనాడూ చూడలేదు. నా కూతురికి ఆ గతి పట్టనివ్వను అనుకున్నాను. దానికి నాకు తోచిన దారి దాచడం ఒక్కటే.

శుక్రవారం సరోజినీ సిస్టర్ ఒక ఉపాయం చేసింది. నన్నొక్కదాన్నే పిలిస్తే ఊరంతా గుసగుసలు పోతుందని, తొడిమలు తీసే ఆడవాళ్లందర్నీ చర్చికి రమ్మంది. మిరప పనికి చేతులెలా ఉన్నాయో చూస్తామంది. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని చెయ్యి చాపాలి. మార్త బాల్‌పెన్ను మొనతో ఎక్కడ తాకితే అక్కడ రెండో చేతి వేలితో చూపించాలి. అందరూ కితకితలు పెట్టినట్టు నవ్వుతూ చూపించారు. నా వంతు వచ్చింది. రెప్పలు కొంచెం తెరిచి, సందులోంచి చూస్తూ, పెన్ను తాకిన చోటల్లా సరిగ్గా చూపించాను. మార్త నోట్‌బుక్‌లో రాసుకుంది. బతికిపోయాననుకుని ఇంటికొచ్చాను.

శనివారం సాయంత్రం వాళ్లకు జొన్నరొట్టెలు చేస్తున్నాను. ఎలా చేస్తానో చూస్తానని మార్త పక్కనే పీట వేసుకుంది. రొట్టె తిప్పి, అంచులు వేళ్లతో అదుముతున్నాను. ఉన్నట్టుండి ఆమె నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. రెండు వేళ్ల చివర్లు పెనానికి ఆనుకుని తెల్లగా కాలిపోయాయి. చర్మం కాలిన వాసన వస్తోంది. నేను రొట్టె మాడిందనుకున్నాను.

ఆమెకు తెలుగు నాలుగు మాటలొచ్చు. "నొప్పి?" అంది.

లేదన్నట్టు తల ఊపాను. ఆమె కళ్లలో నీళ్లు చూశాక ఇంక దాచలేకపోయాను. "నిన్న నేను చూశానమ్మా. కళ్లు మూయలేదు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. సిస్టర్‌ని పిలిచి మళ్లీ చెప్పాల్సొచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే చానా కష్టమైంది.

సిస్టర్ నన్ను తిట్టలేదు. "ఈ జబ్బుకి మందుంది అమ్మాయ్. జబ్బు పోద్ది. చచ్చిన నరం మాత్రం తిరిగి రాదు. అందుకే తొందర" అంది. మార్త చెప్పింది కూడా తెలుగులో చెప్పింది: "రేపు జీపు వస్తుంది. నేను మళ్లీ ఈ ఊరు రాను. నువ్విప్పుడు కాదంటే మళ్లీ అడగడానికి నేనుండను అంటోంది."

ఇంటికెళ్లి అత్తకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒళ్లో పిల్ల జుట్టు నిమురుతూ విన్నది. పిల్లని ఒళ్లోంచి దించుతుందేమో, నన్ను బయట కూర్చోమంటుందేమో అని చూస్తున్నాను.

"చెయ్యి పోతే బిడ్డనేం చేత్తో పెంచుతావే?" అంది. "పో. పిల్లని నేను చూసుకుంటా. ఊరోళ్ల సంగతి నాకొదిలెయ్."

ఆదివారం ప్రార్థన అయ్యాక, అందరూ చూస్తుండగానే జీపెక్కాను. దారిలో మార్త కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. వారంలో ఒక్క పనీ చెయ్యలేకపోయానని బాధపడిందట. సిస్టర్ నాకు తర్వాతెప్పుడో చెప్పింది.

ఆస్పత్రిలో చెవితమ్మె దగ్గర చిన్నగా గీరి పరీక్షకు 'స్మియర్' తీశారు. డాక్టరుగారు నెరిసిన జుట్టు మనిషి, మాటలో మెత్తదనం లేదు. "ఇది లెప్రసీ. చేతిలో అల్నార్, మీడియన్ రెండు నెర్వ్‌లూ దెబ్బతిన్నాయి. రెండేళ్లు ట్రీట్‌మెంట్. ఇంటి దగ్గరే ఉండు. అందరితో కలిసే తిను."

"పిల్లని ఎత్తుకోవచ్చా సార్?"

"మందు మొదలుపెడుతున్నావుగా. ఎత్తుకో."

మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా అక్కడే వచ్చేసింది.

మూడు మందులు. రిఫాంపిసిన్ నెలకొకసారి నర్సు ఎదురుగా మింగాలి. డాప్సోన్, క్లోఫాజిమిన్ రోజూ ఇంట్లో. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వచ్చేది. క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడింది. "ఏమే, అంత నల్లబడ్డావేంది" అని అడిగినవాళ్లకి మా అత్తే జవాబు చెప్పేది, "మందులు మింగుతంది. నీకేమన్నా కావాల్నా?" అని.

మూడో నెలలో అసలు దెబ్బ తగిలింది. చెయ్యి ఎర్రగా వాచింది. మోచేతి దగ్గర ముట్టుకోనివ్వని పోటు. ఉంగరం వేలూ చిటికెన వేలూ లోపలికి ముడుచుకుని, చాచబోతే సాగలేదు. మందు తినకముందు నొప్పి లేదు, తిన్నాకే వచ్చింది. ఎవరైనా ఏమనుకుంటారు? మందే చెయ్యిని తినేస్తోందని నేనూ అత్తా కలిసి తీర్మానించేశాం. బిళ్లలు తీసి అటకమీద పెట్టాను. ఒకరోజు, రెండు రోజులు, పది రోజులు. వాపు తగ్గలేదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేలోపు వేళ్ల సందుల్లోంచి రాలిపోయేది. పదకొండో రోజు పిల్ల నా పక్కన కూర్చుని, తన చేత్తో ముద్ద చేసి నా నోట్లో పెట్టబోయింది. ఆ ముద్ద మింగి, బిళ్లలు కొంగున కట్టుకుని, బస్సెక్కాను. మా ఆయన ఊళ్లో లేడు. అత్త వస్తానంటే వద్దన్నాను. పిల్ల దగ్గర మనిషుండాలి కదా.

డాక్టరుగారు చెయ్యి చూసి, "మందు వేసుకుంటున్నావా?" అన్నారు. ఈసారి నిజమే చెప్పాను.

ఆయనకు కోపం వచ్చింది. "దీన్ని రియాక్షన్ అంటారు. క్రిముల మీద ఒళ్లే తిరగబడుతుంది. మందు తప్పు కాదు. నెర్వ్ వాచింది. వాచిన రోజే వచ్చి ఉంటే మొత్తం చెయ్యి నీకు తిరిగిచ్చేవాణ్ణి. ఇప్పుడు ఎంత వస్తే అంత. అడ్మిట్ అవ్వు."

రెండు నెలలున్నాను. వాపు తగ్గడానికి ప్రెడ్నిసలోన్ బిళ్లలు, వేళ్లు ముడుచుకోకుండా చేతికి కట్టే స్ప్లింట్. వాపు దిగాక ఫిజియోథెరపీ. కరిగించిన మైనంలో చెయ్యి ముంచేవాళ్లు, నూనె రాసి వేళ్లు ఒక్కొక్కటే సాగదీసేవాళ్లు. ఆ తర్వాత బంతి పిసకడం, పళ్లెంలో పోసిన కందులు ఏరడం. మొదటి వారం ఒక్క గింజ పట్టు దొరకలేదు. పళ్లెం తోసేశాను. మర్నాడు మళ్లీ నేనే అడిగి తెప్పించుకున్నాను. ఫిజియోథెరపీ ఆయన పది నిమిషాలు చేయమంటే నేను గంట చేసేదాన్ని. వద్దమ్మా, నరం అలిసిపోద్ది అని పళ్లెం లాక్కునేవాడు. అత్త పిల్లని తీసుకొచ్చిన రోజు అది స్ప్లింట్ చూసి భయపడి దగ్గరికి రాలేదు. సాయంత్రానికి వచ్చి ఒళ్లో నిద్రపోయింది.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిరిగి నావయ్యాయి. వాటిలో స్పర్శ కూడా కొంత వచ్చింది. మిగతా రెండూ అలాగే ముడుచుకుని ఉండిపోయాయి. రెండేళ్లకు కోర్సు పూర్తయింది. "జబ్బు పోయింది. ఇక మందు అక్కర్లేదు" అన్నారు డాక్టరుగారు.

ఊళ్లో అందరూ మా అత్తలా లేరు. కోటేశ్వరమ్మక్క ఏడాదిన్నర మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. ఒక ఎండాకాలం తనే వచ్చి గడపలో కూర్చుని, "రత్నం, కాసిని మజ్జిగియ్యవే" అంది. ఇచ్చాను. అక్కడే కూర్చుని తాగింది. కారం పనికీ పొయ్యి పనికీ నా చేతిని దూరంగా ఉంచమన్నారు కాబట్టి ఆస్పత్రిలోనే ఆయాగా చేరాను. తర్వాత నాలాంటివాళ్లకు వేళ్ల వ్యాయామం చేయించే పని నేర్పారు. రిటైరయ్యేదాకా అదే పని చేశాను.

నాలుగైదేళ్ల తర్వాత సరోజినీ సిస్టర్ పేరున మార్త ఉత్తరం రాసింది. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందనీ, ఎవరికీ ఏమీ చేయలేకపోయాననీ, వంట చేసిన అమ్మాయి చెయ్యి ఏమైందో తెలిస్తే రాయమనీ అందులో ఉంది. సిస్టర్ జవాబు రాయబోతే నేను కాగితం లాక్కున్నాను. తెలుగులోనే, కుడిచేత్తోనే, రెండు పేజీలు రాసి పంపాను. ఆమెకు చదవడం రాదని తెలుసు. ఆ రాత చూస్తే చాలనుకున్నాను.

నాకిప్పుడు అరవై దాటాయి. మా అత్త లేదు. నా కూతురు తన బిడ్డల్ని నా దగ్గర వదిలి స్కూల్లో పాఠాలు చెప్పి వస్తుంది. వాళ్లకు జడలు నేనే వేస్తాను, కొంచెం ఆలస్యమవుతుంది అంతే.

ఈ జబ్బుకి మందు తింటున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట వినండి. మధ్యలో చెయ్యి గానీ కాలు గానీ వాచినా, నొప్పెట్టినా, వేలు వంగినా మందు ఆపకండి. అదే రోజు, ఆ బట్టలతోనే, ఆస్పత్రికి వెళ్లి చూపించండి. నేను పది రోజులు ఇంట్లో కూర్చున్నాను. ఆ పది రోజులకి రెండు వేళ్లు ఇచ్చుకున్నాను. మీరు ఇవ్వొద్దు.