తాళాలన్నీ తీసిన మధ్యాహ్నం

మరి మగాడి భయానికి మందేదని నేనడుగుతున్నాను. కాన్పులో తండ్రికేం పని, బయట కూర్చుంటే చాలంటారు మీరంతా.

నేను హైదరాబాదులో పెరిగి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఫోను చూసే పనికి వచ్చినవాణ్ణి. రిసీవరు చెయ్యి దిగేది కాదు. ఆ రోజు కోటగిరిలో, పుట్టింట్లో నా భార్యకు నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. కాన్పయ్యేదాకా అల్లుడు రాకూడదని అత్తగారి పట్టు. మళ్లీ ఫోను చేద్దామంటే లైను తెగింది. ఆఫీసులో అందరిమీదా అరిచి క్వార్టరుకు వచ్చేశాను. పక్కింటి చాచా వెంటే వచ్చాడు.

"ఇంట్ల తాళాలన్నీ తియ్యి బేటా. కాన్పు అల్కగైతది."

"ఇవన్నీ నమ్ముతావా చాచా?"

"నమ్మకపోతే నమ్మకు. చేతులకు పనన్న దొరుకుతది. నా బీవీ కాన్పుల నాకు గదిగూడ చెప్పెటోడు లేకుండె."

తలుపులు, బీరువా, బియ్యం డబ్బా మూత కూడా తెరిచాం. మిగిలింది నా భార్య పెట్టె. తాళంచెవి ఆమె మెడలోనే ఉంది. కోపంతో తాళాన్ని లాగాను. అది చప్పుడు లేకుండా తెరుచుకుని అరచేతిలోకి జారింది. కుండనీళ్లలా చల్లగా ఉంది.

సాయంత్రం ఫ్యాక్టరీకి తిరిగి వెళ్తే లైను కలిసింది. అవతల బావమరిది.

"ఆడపిల్ల బావా, ఇద్దరు మంచిగున్నరు. గని అక్క పొద్దటిసంది 'పెట్టె తీయుండ్రి' అని ఒకటే ఒర్లింది. మధ్యాన్నం ఊకున్నది, పిల్ల పుట్టింది. ఏం పెట్టె బావా?"

చాచా నా పక్కన లేకపోయినా ఆ పెట్టె తెరుచుకునేదని మీలో ఎవరైనా అనగలరా?