శవానికి తుమ్మొచ్చింది

అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊళ్ళో, మా అబ్బాయి నిఖిల్ హైస్కూల్లో ఒక పాతకాలపు మ్యూజికల్, అంటే పాటల నాటకం, వేశారు. అందులో తెల్ల కుర్రాళ్ళ గ్యాంగ్‌కీ, వలస వచ్చిన కుర్రాళ్ళ గ్యాంగ్‌కీ అస్సలు పడదు. తీరా చూస్తే రెండు గ్యాంగుల్లోనూ సగంమంది మన తెలుగు పిల్లలే! నాటకంలో మావాణ్ణి పొడిచి చంపేది అవతలి గ్యాంగు వరుణ్. రోజూ రిహార్సల్‌కి నా కార్‌లోనే వచ్చే పిల్లాడు.

నటనేనని తెలిసినా, కొడుకు స్టేజీ మీద కుప్పకూలగానే నేను సీట్లోంచి సగం లేచాను. ఇంతలో, స్టేజీ మీద వదిలిన పొగకి కాబోలు, శవం గట్టిగా తుమ్మింది. వాడు పుట్టినప్పటినుంచీ అలవాటైన నోరు ఆగుతుందా?

"చిరంజీవ!" అని అరిచేశాను.

అందరూ నావైపే తిరిగారు. కత్తి పట్టుకున్న వరుణ్ బిత్తరపోయి, "సారీ ఆంటీ!" అన్నాడు. హాలు నవ్వులతో దద్దరిల్లింది. శవం కూడా పొట్ట పట్టుకుంది. నేను చున్నీలో మొహం దాచుకున్నాను.

నాటకం అయ్యాక పార్కింగ్‌లో మావాడు నిలదీశాడు. "మమ్మీ, నేను డెడ్ కదా! డెడ్ వాళ్ళకి చిరంజీవ ఏంటి?"

అంతలోనే హంతకుడూ శవమూ కారు తలుపు దగ్గర తోసుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు రెండు గ్యాంగుల మధ్య నేను చూసిన అసలైన కొట్లాట అదే, ముందు సీటు కోసం.