రాణిగారు రెండుసార్లు పోయిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకున్న కోరిక ఒక్కటే, ఎవరి కంటా పడకుండా ఉండడం. ఎనభైల మొదట్లో, అమెరికాలోని ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఇన్ని మన కొట్లు లేని కాలంలో, స్కూల్లో పదహారేళ్ళ నేను నోరు విప్పితే చాలు, నా యాసకు వెనక బెంచీలో ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు. అందుకే మా డ్రామా మాస్టారు (గడ్డం చూసి మేం పెట్టుకున్న పేరు మేకమాస్టారు) పాత గ్రీకు పద్ధతిలో తానే రాసిన విషాద నాటకం వేయిస్తానని, అందులో అందరికీ ముఖం మొత్తం కప్పేసే మాస్కులుంటాయని చెప్పగానే నా చెయ్యి దానంతటదే లేచింది.

రాణి చావుకబురు తెచ్చే దూత వేషం నాకొచ్చింది. గ్రీకు నాటకాల్లో చావులు అందరి ముందూ జరగవట. దూత వచ్చి చెబుతాడు, తర్వాత చక్రాల బల్ల మీద శవాన్ని బయటికి తోస్తారు. మా చక్రాల బల్ల స్కూలు క్యాంటీన్‌లో ట్రేలు మోసే బండి. ఆడవేషాలు మగవాళ్ళే కట్టాలి కాబట్టి మా రాణి ఫుట్‌బాల్ టీమ్‌లోని ఆరడుగుల అబ్బాయి. (మరి దూత మగవాడు కావద్దా అని అడక్కండి. మాస్టారికి అబ్బాయిలు చాల్లేదు.)

మా ఇంట్లోనే ఉంటూ ఇంజనీరు ఉద్యోగం చేసే బాబాయి, ఉడికించిన మైదాలో పేపరు ముక్కలు ముంచి నా మాస్కు తయారుచేశాడు. వయసులో ఉన్నప్పుడు తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టిన మనిషి. గ్రీకు నాటకం ద్రాక్షసారా దేవుడి ఉత్సవంలో పుట్టిందని నేను చెబితే ఆయన ఆనందం ఇంతా అంతా కాదు.

"జాతర్లో పుట్టిందా? మగాళ్ళే ఆడవేషాలు కట్టేవాళ్ళా? ఒసే చిట్టీ, వీళ్ళు మనవాళ్ళేనే! నేనొచ్చి చూడాల్సిందే."

"వద్దు బాబాయ్. డ్రాప్ చేసి వెళ్ళిపో, ప్లీజ్."

ఆయన కనబడితే మాస్కు వెనక ఉన్నదెవరో అందరికీ తెలిసిపోతుందని ఎలా చెప్పను?

గ్రీకులు పగటి వెలుగులోనే ఆడేవారు కాబట్టి శనివారం మధ్యాహ్నం, స్కూలు వెనక గడ్డిదిబ్బ మీద జనాన్ని కూర్చోబెట్టి, దిగువన మేం ఆడాం. పక్కదుప్పట్లు చుట్టుకున్న కోరస్ గుండ్రంగా తిరుగుతూ పాడాక నేను ముందుకొచ్చాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎలాగో ముగించాను. బండి కిర్రుమంటూ శవంతో సహా వచ్చింది. అప్పుడు దిబ్బ పైవరుసలో, చేగోడీల డబ్బాతో ఒక మనిషి లేచి నిలబడ్డాడు.

"వన్స్ మోర్! చిట్టీ, వన్స్ మోర్!"

బాబాయి ఎరిగిన నాటకాల్లో నటుడికి అంతకన్నా గౌరవం లేదు. చచ్చిపడినవాడు కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. మా ఖర్మ ఏమిటంటే, మూడు వారాల రిహార్సల్స్‌లో తప్పు జరిగినప్పుడల్లా మేకమాస్టారు అరిచిందీ ఆ మాటే. బండి తోసే ఇద్దరూ అలవాటుకొద్దీ రాణిగారిని లోపలికి లాగేశారు. శవం తలెత్తి "వాట్ హ్యాపెన్డ్?" అని అడగడం అందరికీ వినిపించింది. దిబ్బంతా గొల్లుమంది.

పారిపోదామనుకున్నాను. కానీ పేరు కూడా తెలిసిపోయాక ఇక దాచుకునేదేముంది? మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి బాబాయికి వినపడితే చాలనుకున్నాను. నా మాట నిదానంగా, నా యాసతోనే, పైవరుస దాకా వెళ్ళింది. నవ్వినవాళ్ళు ఊరుకున్నారు. రాణిగారు రెండోసారి బయటికొచ్చేసరికి ముందువరుసలో ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం మాస్కులోంచి చూశాను.

తిట్లు తినడానికి సిద్ధపడి వెళితే, మాస్టారు బాబాయి చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. రోమన్లు కూడా నచ్చిన మాటలు మళ్ళీ చెప్పించుకునేవారట, ఇన్నేళ్ళకు తనకొక అసలైన ప్రేక్షకుడు దొరికాడట. బాబాయి ఆయన చేతిలో చేగోడీలు పోస్తున్నాడు. నేను మాత్రం వారం రోజులు బాబాయితో మాట్లాడలేదు.

"బాగా చెప్పావు కాబట్టే అడిగానే" అన్నాడు, పాపం, రోజుకోసారి.

మొదటిసారి నేనేమీ బాగా చెప్పలేదు. అన్ని నాటకాలాడిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా అని నాకు తట్టేసరికి, అడగడానికి బాబాయి లేడు. ఎన్నో ఏళ్ళకు మా అమ్మాయి తన స్కూలు నాటకంలో మాటలు తడబడి బిక్కమొహం వేస్తే, నోటిదాకా వచ్చిన 'వన్స్ మోర్' మింగేసి మర్యాదగా చప్పట్లు కొట్టాను. బాబాయి చూసి ఉంటే నన్ను చూసి సిగ్గుపడేవాడు.