పిట్ట బువ్వ తిన్న సర్పంచ్

మా అత్త ముత్తవ్వ ఎవరికీ భయపడదు. కనీసం దేవుడికైనా భయపడుతుందేమో అనుకునేదాన్ని. ఒకసారి పోచమ్మ గుడి ముందర చెప్పు తెగితే పోచమ్మనే తిట్టింది, వాకిట్లో రాళ్లు ఏరించుకోవడం కూడా చేతకాదా అని. దాంతో ఆ అనుమానం తీరిపోయింది.

మాది బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో కాలువ పక్క ఊరు. మా మామ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన లేడు, కొన్నాళ్లకు ఫ్యాక్టరీ కూడా మూతపడింది. అత్త నోరు మాత్రం మూతపడలేదు. పొద్దున్నే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంటే చేతుల పని చేతులదే, నోటి పని నోటిదే. బీడీ మూతి మడవడానికి బొటనవేలి గోరు పెంచుతుంది. ఆ గోటికి మా వాడకట్టు పిల్లలందరూ భయపడతారు.

మా ఆయన హన్మాండ్లు వరికోత మిషన్ నడిపేవాడు. వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయిన వారంలోనే ఒక కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. "అవ్వా, నేనైతే మెంబరు గూడ కాలే. ఇదన్న సర్పంచ్ గానీ" అని దానికి ఆ పేరే పెట్టాడు. ఇక మా అత్తకు పండగే. ఊరి అసలు సర్పంచ్ మా ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడే ఆమెకు కుక్కను పిలవాలని గుర్తొచ్చేది. "ఓ సర్పంచ్, ఆ పెంట తినకురా, ఇంట్లకి రా!" పాపం ఆయన దారి మార్చుకున్నాడు.

పోయిన యాసంగి కోతల్లో మా ఆయన గుండె ఆగింది. మిషన్ మడి మధ్యలో నిలబడిపోయింది. ఆ తర్వాతి సంగతులు నాకు సరిగ్గా గుర్తులేవు. దినం నాటిది మాత్రం ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు, నేనెట్లా మరిచిపోతాను.

కాలువ కట్ట కింద విస్తరాకు వేసి పిట్టకు పెట్టాం. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాడికి కోరిక ఏదీ మిగల్లేదని మా నమ్మకం. అన్నం, మటన్ కూర, గారెలు, ఉడికిన గుడ్లు, చిన్న సీసా మందు, అత్త చుట్టిన బీడీల కట్ట, అన్నీ పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. మా మామ తమ్ముడు బాలనర్సయ్య ముందుకు పోయి చేతులు జోడించాడు.

"హన్మాండ్లూ, ఏం కోరిక ఉన్నదో చెప్పు బిడ్డా. నీ పెండ్లాన్ని మంచిగ సూసుకుంటం."

కాకి రాలేదు.

"మీ అవ్వను సూసుకుంటం."

"నన్నెవ్వడు సూసుకునేది, నేనే నిన్ను సూసిన చిన్నప్పుడు" అంది అత్త.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. చివరికి బాలనర్సయ్య బాగా గొంతు తగ్గించి, "నా తాన ఉన్న నీ బండి ఇచ్చేస్త" అన్నాడు. మా ఆయన మోటార్ సైకిల్ ఎప్పుడో అడిగి తీసుకుపోయాడు ఆయన. దానికీ కాకి రాలేదు. ఇంటి దగ్గర కట్టేసిన సర్పంచ్ మాత్రం తాడు తెంపుకుని వచ్చింది. అందరూ అదిలిస్తుండగానే మటన్, గారెలు, గుడ్లు ఊడ్చిపెట్టి, కాలువ పక్క మడుగులో మూతి పెట్టి కడుపునిండా నీళ్లు తాగింది.

"అరిష్టం!" అని బాలనర్సయ్య రాయి ఎత్తాడు.

"కింద పడెయ్ ఆ రాయి" అంది అత్త. "పిలిసి పిలిసి గొంతు పోయింది. ఆకలైనోడు అచ్చి తిన్నడు. నా కొడుకు బతికున్నప్పుడు గూడ సగం బువ్వ దానికే పెడ్తుండె."

తర్వాత సర్పంచ్ రోజూ ఆ మడుగు దగ్గరికి పోయి వచ్చేది. మళ్లీ ఎవరైనా విస్తరాకు వేస్తారేమోనని కాబోలు. సాయంత్రం మా ఆయన వచ్చే వేళకు గేటు దగ్గర కూర్చునేది. నాకు కూడా అక్కడ కూర్చోవాలనే ఉండేది. ఊరు చూస్తుంది కదా, నా వంతు కూడా అదే కూర్చునేది.

ఒకరోజు బండల మీద రక్తం చుక్కలు కనిపించాయి. ఏ కోడినో పట్టిందనుకున్నాను. ఇంతలో అది తుమ్మితే ముక్కులో నుంచి రక్తం వచ్చి గోడంతా చిందింది. తుడిస్తే ఆగుతుంది, మళ్లీ కారుతుంది. ఎడమ ముక్కు నుంచి మాత్రమే.

"చెరుకు తోటల పడి తిరిగి ఎండ కొట్టింది" అని అత్త దాని నెత్తిన చల్లనీళ్లు గుమ్మరించింది. ఉల్లిగడ్డ కోసి వాసన చూపించబోతే మూతి తిప్పుకుంది. మా దగ్గర దెబ్బ తగిలితే పసుపు, తెగితే పసుపు. అత్త బీడీలు చుట్టే తునికాకును గొట్టంలాగా చుట్టి, అందులో పసుపు పోసి, దాని ముక్కులోకి ఊదింది. సర్పంచ్ అంతకన్నా గట్టిగా తిరిగి ఊదింది. నెత్తురూ పసుపూ కలిసి అత్త ముఖం బోనం కుండలా తయారైంది.

"థూ, నీ సర్పంచ్ గిరి కాల! గీ పాపానికే నీకు ఓట్లు పడలే" అని కొంగుతో తుడుచుకుంది.

వారాలు గడిచినా ఆగలేదు. సర్పంచ్ బక్కచిక్కింది. ఆ కబురు విని బాలనర్సయ్య వచ్చాడు.

"నేను ఆనాడే చెప్పిన వదినె. పిట్ట కూడు తిన్నది, ఇయ్యాల ముక్కులకెళ్లి కక్కుతున్నది. మంజీర దాటించి మహారాష్ట్రల ఇడిసిపెట్టొస్త."

"గాడ మరాఠీ మాట్లాడాలె. దానికి రాదు."

"నవ్వులాట గాదు వదినె. అది ఇంట్ల ఉంటే ఇంకొకలు పోతరు."

అత్త సగం చుట్టిన బీడీని చాటలో పెట్టేసింది. ఒక్కసారి నా వైపు చూసింది, మళ్లీ చాట వైపు చూసుకుంది. ఆమెకూ ఒక భయం ఉందని, ఆ భయం నా గురించేనని అప్పుడు తెలిసింది.

"ఆదివారం రా" అంది మెల్లగా.

బాలనర్సయ్య పోయాక అత్త మళ్లీ బీడీ చేతిలోకి తీసుకుంది. నేను అన్నాను, "అత్తా, ఆదివారంలోపల దవాఖానకు తీస్కపోదాం." మా ఆయన చనిపోయిన తర్వాత నాకై నేను నోరు విప్పి అడిగింది అదే మొదటిది. అందుకేనేమో కాదనలేకపోయింది.

శనివారం ఆటోలో బోధన్ పోయాం. సర్పంచ్‌ను ఒళ్లో పెట్టుకున్నందుకు ఆటోవాడు గొణిగితే, "నీ ఆటో కంటే అదే సాఫుగుంటది, నడువు" అంది అత్త.

డాక్టరమ్మ చీటీ రాస్తూ పేరు అడిగింది.

"సర్పంచ్" అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే, "ఏ పార్టీ?" అంది.

"ఎవ్వలు గెలిస్తే గా పార్టీ" అంది అత్త. వాళ్లిద్దరికీ అక్కడే దోస్తీ కుదిరింది.

ఏ ముక్కు, ఎన్నాళ్ల నుంచి, ఏం నీళ్లు తాగుతుంది అని అడిగింది డాక్టరమ్మ. కాలువ మడుగు సంగతి చెప్పాను. లైటు వేసి ముక్కులోకి చూసింది. మమ్మల్ని కూడా చూడమంది. లోపల నల్లగా ఏదో కదిలి వెనక్కి పోయింది.

"జలగ. నీళ్లు తాగేటప్పుడు సన్నగా ఎక్కి ఉంటుంది, నెత్తురు తాగి బలిసింది." పట్టుకారు పెడితే అది ఇంకా లోపలికి ముడుచుకుంది. "రాత్రి నుంచి నీళ్లు పెట్టకండి. పొద్దున గిన్నెలో చల్లటి నీళ్లు ముక్కు కిందే పెట్టండి. తడి కోసం బయటికి వస్తుంది, అప్పుడు పట్టుకుని మెల్లగా లాగండి. రాకపోతే తీసుకురండి, మత్తిచ్చి నేను తీస్తా."

తిరిగి వస్తూ అత్త ఆటోలో సర్పంచ్ ముక్కు కింద కొంగు పట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరాక అంది, "రేపు జలగ ఎల్లితె డాక్టరమ్మ మాట నిజం. ఎల్లకపోతే బాలనర్సయ్య మాట నిజం. నువ్వు మాత్రం ఏడ్వొద్దు."

ఆదివారం పొద్దున వీధి చివర మోటార్ సైకిల్ చప్పుడైంది. సర్పంచ్ చెవులు నిక్కబొడుచుకుంది. లేవలేనిది లేచి, తోక ఊపుకుంటూ, నెత్తురు కార్చుకుంటూ గేటుకు ఉరికింది. ఆ చప్పుడు నేనూ గుర్తుపట్టాను. దిగింది బాలనర్సయ్య. చేతిలో గోనెసంచి. సర్పంచ్ ఆయన కాళ్లు వాసన చూసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, దాని చక్రం పక్కనే కూలబడింది.

"ఆగు. నీళ్లు తాగి పోతది" అంది అత్త.

గిన్నె అక్కడికే తెచ్చాం. నేను తల పట్టుకున్నాను. దాహంతో అది కొట్టుకుంటోంది, మూతి నీళ్లకు తగలకుండా పట్టుకోవడం నా వల్ల కావడం లేదు. కాసేపటికి ముక్కు అంచున నల్లటి మొన కనిపించింది. సాగింది, నీటిని తాకింది. అత్త పట్టుకోబోయింది, వేళ్లు జారాయి. జలగ లోపలికి పోయింది.

"వద్దులే వదినె, ఇగ సంచి…" అన్నాడు బాలనర్సయ్య.

"నోరు ముయ్యి."

అత్త వేళ్లను తంబాకు పొడిలో అద్దుకుంది. మళ్లీ మొన వచ్చింది. ఈసారి గోరు, వేలు కలిసి బీడీ మూతి పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. మెల్లగా లాగింది. అది సాగింది, బీడీ అంత అయింది, ఇంకా సాగింది, ఊడి వచ్చింది. ఆ ఊపులో అత్త విసిరితే పోయి బాలనర్సయ్య పాదానికి అంటుకుంది.

ఆయన గెంతిన గెంతుడు ఆ వయసు మనిషి గెంతేది కాదు. "వదినె, తియ్యి, తియ్యి!"

"ఏం కోరిక ఉన్నదో అడుగు దాన్ని" అంది అత్త తాపీగా. "బండి ఇస్తనని చెప్పు, పోతది."

"ఇస్త! ఇచ్చేస్త! తియ్యి!"

అత్త చిటికెడు తంబాకు చల్లితే జలగ ఊడిపడింది. ఆయన కాలు కడుక్కుంటానని నడుచుకుంటూనే ఇంటికి పోయాడు. అత్త బండి తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుంది. సర్పంచ్ గిన్నె ఖాళీ చేసింది. నాలుగైదు రోజుల్లో రక్తం పూర్తిగా ఆగింది.

మొన్న ఏడాది మాసికం. మళ్లీ అదే కట్ట కింద విస్తరాకు వేశాం. ఈసారి అత్త కాకి కోసం చూడలేదు. "సర్పంచ్, రా బిడ్డా, నీ బువ్వే" అని పిలిచింది. తాగడానికి ఇంటి నుంచే సీసాలో నీళ్లు తెచ్చింది. బాలనర్సయ్య కట్ట మీదే నిలబడ్డాడు, కిందికి దిగలేదు.

సర్పంచ్ సగం తిని, గట్టిగా తుమ్మింది. అత్తా నేనూ ఒక్కసారే వంగి దాని ముక్కులోకి చూశాం. తలలు గుద్దుకున్నాయి.

"ఏం లేదే త్రివేణీ" అంది అత్త, నుదురు రుద్దుకుంటూ. "ఉత్త చీమిడి. కూరల కారం నువ్వే ఎక్కువేసినవ్."