ఎస్తేరత్త దుబాయిలో ఉందని చెప్పిన ఏడాది

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి రక్తపరీక్షకని ఏ ల్యాబ్ మెట్లెక్కినా, చేతికి రాసే స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే నాకు సూది కన్నా ముందు మా ఎస్తేరత్త గుర్తుకొస్తుంది. నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. ప్రైవేటు దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి తెల్లచీర మార్చుకోకముందే నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఆమె వేళ్ల స్పిరిట్ వాసన, నా తల కొబ్బరినూనె వాసన, ఎండాకాలమైతే కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి కిటికీలోకి వచ్చే మాగిన మామిడిపళ్ల వాసన, లారీల కింద తడిసిన వరిగడ్డి వాసన, అన్నీ కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు.

నేను ఐదో తరగతిలో ఉండగా అత్త, ఇంట్లో నడుస్తున్న పెళ్లి మాటలను పక్కకు నెట్టి, యుద్ధం జరుగుతున్న ఒక దేశానికి క్షతగాత్రుల సేవకు వెళ్లే బృందంలో పేరు ఇచ్చి వచ్చింది. జీతం లేని కొలువు. నాన్న రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు, మూడో రోజు తనే వెళ్లి సూట్‌కేసు కొనుక్కొచ్చాడు. చిక్కల్లా నాయనమ్మతోనే. ఆమెకు అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చింది. అందుకని ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని, అత్త దుబాయిలో నర్సు ఉద్యోగానికి పోతోందని చెప్పాం. మా చర్చిలో సగం ఇళ్లవాళ్లకు దుబాయిలో ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి నాయనమ్మకు అనుమానం రాలేదు సరికదా, అక్కడి వేడికి ఆగలేవని సబ్జా గింజలు మూటగట్టి ఇచ్చింది.

ఆ అబద్ధానికి కాపలా కాసే పని నామీద పడింది. వార్తల వేళ నాన్న టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుంటే, నేను రిమోట్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, నాయనమ్మ దగ్గు వినపడగానే సీరియల్ పెట్టేసేదాన్ని. వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతున్నా నా చెవులు ఇంట్లోనే ఉండేవి. ఆదివారం మధ్యాహ్నం పొయ్యి మీద మాంసం కూర ఉడుకుతుండగా, కింది వాటాలో ఉండే భీమవరం ఓనరమ్మ "మీ ఎస్తేరు లైన్లో ఉందండీ, తొందరగా రండి" అని పిలిచేది. అందరం మెట్లు దూకి ఆమె ఫోను చుట్టూ మూగేవాళ్లం. అత్త నాయనమ్మకు దుబాయి ఎండల గురించి కల్పించి చెప్పేది. ఒకసారి నా వంతులో, ఆమె వెనకాల ఏదో కూలినట్టు పెద్ద చప్పుడు వినిపించింది. గాలికి తలుపు కొట్టుకుందని చెప్పింది అత్త.

తర్వాత రెండు ఆదివారాలు ఫోన్ రాలేదు. ఆ దేశంలోనే ఒక ఆసుపత్రి మీద బాంబు పడిందని టీవీలో చూపించారు. నాన్న కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు, నాయనమ్మ అడిగితే అజీర్తి అనేవాడు.

ఎల్బీనగర్‌లో రేకుల షెడ్డు మా చర్చి. ప్రార్థన అవసరతలు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే పాస్టరుగారు మైకులో చదివేవారు, సంఘమంతా ప్రార్థించేది. ప్రతి వారం నాన్న రాయించేది ఒకటే, దుబాయిలో ఉన్న మా చెల్లెలి క్షేమం కొరకు అని. దస్తూరి బాగుంటుందని చీటీ నాచేత రాయించేవాడు. మూడో ఆదివారం పెన్ను పట్టుకోగానే నాకో సంగతి తోచింది. ఇంతమందీ కళ్లు మూసుకుని అడుగుతున్నది దుబాయిలో ఉన్న మనిషి కోసం. దేవుడు అక్కడ వెతుకుతుంటాడు. అత్త నిజంగా ఉన్నచోట ఆమెను కాపాడమని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నాన్నకు చెప్పకుండా ఆ దేశం పేరు, అక్కడి యుద్ధం, ఫోన్ రాకపోవడం, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టెలో వేశాను. నాయనమ్మ కూడా వింటుందన్న సంగతి పాస్టరుగారు చదవడం మొదలుపెట్టేదాకా నా బుర్రకు తట్టనే లేదు.

నాయనమ్మ పడిపోలేదు. చాప మీంచి లేచి, కొంగు తలమీదికి లాక్కుని, మగవాళ్ల వైపు నడిచి నాన్న ముందు నిలబడింది.

"నా బిడ్డ ఒకకాడ ఉంటే ఇంకోకాడికి ప్రార్థన చేపిచ్చినవ్ కదరా."

ఆ పూట నుంచి ఉపవాసం పట్టింది. గుండె మాత్రలు మంచినీళ్లతో మింగి, ఫోన్ కోసం ఓనరమ్మ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. ఓనరమ్మ మజ్జిగ తెచ్చి బతిమాలినా తాగలేదు. సోమవారం గడిచింది, మంగళవారానికి ఆమె చేతులు వణకడం మొదలైంది. నాయనమ్మకు ఏమన్నా అయితే చంపింది నేనేనని నాకు జ్వరం వచ్చింది. బుధవారం పొద్దున పదింటికి ఫోన్ మోగింది. నాయనమ్మే ఎత్తింది. ఎక్కడున్నవో నిజం చెప్పమని ఒక్క మాట అడిగి, చాలాసేపు విన్నది. ఆ ఊరి పేరు నాచేత రాయించుకుంది. నోరు తిరగని ఆ పేరును సాగదీసి, విరిచి, అత్త తిరిగి వచ్చేదాకా పూటపూటా ప్రార్థనలో పలికింది.

ఏడాది తిరక్కముందే అత్త వచ్చింది, సగమైపోయి. మార్కెట్‌లో లారీ వెనక తలుపు దభాలున పడితే అన్నం కంచం వదిలేసి నేలకు కరుచుకుపోయేది. అక్కడి సంగతులు ఎంత అడిగినా చెప్పలేదు. నాయనమ్మ మాత్రం అప్పటి నుంచి ఇంట్లో ఎవరేం చెప్పినా నావైపు తిరిగి నిజమేనా అని అడిగేది. నేను తలూపితేనే నమ్మేది. నాకది ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

పోయిన వేసవిలో నాయనమ్మ దవాఖానలో పడింది. డాక్టర్లు చేతులెత్తేశాక కూడా నాన్న, అత్త తగ్గుతుందనే చెప్పారు. ఆమె వాళ్లను దాటి నావైపు చూసింది.

"నువ్వు చెప్పు పిల్లా. నేను ఇంటికొస్తనా?"

"ఒస్తవ్ నాయినమ్మా. రేపో ఎల్లుండో."

నమ్మింది. కళ్లు మూసుకుంది. ఆ ఎల్లుండి రాలేదు.

నేను వరండాలో కూలబడి ఏడుస్తుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి అక్కడి మాట ఎత్తింది.

"ఆడ పానం పోయేటోళ్లకు రోజూ నేను గదే చెప్పిన, ఇంటికి పోతవ్ బిడ్డా అని. తెలుగులనే చెప్పిన. నమ్మెటోళ్లు."

పండ్ల మార్కెట్ ఊరవతలికి వెళ్లిపోయింది. రేకుల చర్చి మూడంతస్తులయింది, చీటీల పెట్టె పోయి అవసరతలన్నీ ఫోన్ గ్రూపుల్లోకి వచ్చాయి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరేం చెప్పినా అందరూ సరే అంటారు. నావైపు తిరిగి, నిజమేనా అని అడిగేవాళ్లు లేరు.