అక్క మోకాలిలోని నైట్రోజన్

అక్కకు వేయబోయే కృత్రిమ మోకాలు ఎలాంటిదో డాక్టర్ వివరించాడు. టైటానియం మిశ్రలోహం, పైపొరలోకి నైట్రోజన్ అయాన్లను చొప్పిస్తారట. నైట్రోజన్ అంటే గాలిలో ఉండేదేనన్న ముక్క ఒక్కటే అక్కకు అర్థమైంది. ఏక్‌బాల్‌పూర్‌లో రేవు దగ్గరున్న మా ఇంటికి చేరాం. అక్క చెప్పులు విప్పుతూ అంది:

"ఇనుములోకి గాలి కొడతారేటిరా? పంచరైతే నడిరోడ్డు మీద కూలబడాలా? నాకొద్దు."

మెట్లు దిగలేక ఆమె చర్చికి రావడం ఎప్పుడో మానేసింది. అయినా ఆపరేషన్ వద్దంటోంది. ఇలాంటి చిక్కు వస్తే మా చర్చి తెలుగు సంఘం వాళ్లు ఇంట్లోనే ప్రార్థన కూటం పెడతారు. ప్రార్థన కాసేపు, సలహాలు చాలాసేపు. ఈసారి మా ఇంట్లో పెట్టారు. ఒకావిడ ఆవనూనె రాయమంది. రేవులో క్రేన్ నడిపి రిటైరైన సంఘ పెద్దగారు, గాలి దూరిన లోహం తుప్పు పట్టక మానదని తీర్పిచ్చారు.

నేను బడి పదో తరగతితో ఆపాను గాని లైబ్రరీ ఆపలేదు. లోహశాస్త్రం పుస్తకాలు ఏ అరలో ఉంటాయో కళ్లు మూసుకుని చెప్పగలను. అందుకే లేచాను.

"గాలి నింపరక్కా. నైట్రోజన్ పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి మహావేగంగా లోహం మీదికి విసురుతారు. లోహంలో పరమాణువులు మన చర్చి బెంచీల మీద జనంలా వరసగా ఉంటాయి. ఆ వరసలు సులువుగా జారితే లోహం మెత్తన. కొత్తగా వచ్చినవి కొన్నింటిని సీట్లోంచి లేపేస్తాయి, సందుల్లో ఇరుక్కుంటాయి, వరసలు వంకరపోతాయి. ఇక జరగమన్నా జరగవు. అదే గట్టిదనం. అదీ పైపైనే, వెంట్రుక మందం కూడా ఉండదు."

పెద్దగారి ముఖం మాడింది. ఆయన కుటుంబం ఎప్పుడూ కూర్చునే మొదటి బెంచీ మీద, ఊరవతల న్యూ టౌన్ నుంచి కొత్తగా వస్తున్న ఐటీ వాళ్లు కూర్చుంటున్నారని కమిటీలో ఇంకా రగడ నడుస్తోంది.

"ఏటయ్యా, నన్నేనా అంటన్నావు?"

"లోహాన్నండీ."

"లోహానికి బెంచీలెందుకూ?"

ఆవనూనె ఆవిడ న్యూ టౌన్ వాళ్లదే తప్పంది. ఇంకొకాయన, బెంచీలు ఎవరి సొత్తూ కావన్నాడు. టీ చల్లారింది. మోకాలు ఎవరికీ గుర్తులేదు.

అక్క నా చొక్కా పట్టి లాగింది. "ఒరే, ఆ ఇరుక్కున్నవి మళ్లీ బయటికొచ్చేస్తాయేటి?"

"ఒంటి వేడికి కదలవక్కా."

"గాలి బుడగ కాదు గదా?"

"కాదు. లోహంలో కలిసిపోతాయి."

ఆమె కాసేపు మోకాలు నిమురుకుంది. తర్వాత గొంతు పెంచింది. "పెద్దయ్యా, ఆకరి పార్థన కానిచ్చెయ్యండి. నాను డాక్టరుకి సరేనని సెప్పాల."

ఆయన కళ్లు మూసుకుని, ఎవరి స్థానంలో వారిని స్థిరపరచమని దేవుణ్ణి సుదీర్ఘంగా వేడుకున్నారు. అక్క మధ్యలోనే "ఆమెన్" అనేసి, ఆసుపత్రికి కలపమని ఫోన్ నా చేతిలో పెట్టింది.